తంగేడు పట్ట ఎవరు కొట్టారు?

మనుబోలు మండలంలో మేం పనిచేసే బడి వరండాలో నాలుగేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు కొందరం చేరి తోలు కుట్టుకుంటున్నాం. మాలో ఎవరికీ ఇది బతుకుదెరువు కాదు. ఉపాధ్యాయులం ఇద్దరం, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఒకాయన, ఒక అంగన్‌వాడీ టీచరు, కరెంటు పనులకు వెళ్లే ఒక కుర్రాడు. మాకు నేర్పే పెద్దాయన ఒక్కడే నిజమైన పనివాడు. పక్క ఊరి మాదిగవాడ నుంచి సైకిలు మీద వస్తాడు. చిన్నతనంలో తండ్రితో కలిసి కపిల బానలు కుట్టాడు, ఆ తర్వాత చెప్పులు కుట్టాడు, మోకాళ్లు సహకరించక మానుకున్నాడు. మాకు చెప్పేటప్పుడు మాత్రం మోకాళ్ల సంగతి మరిచిపోయి చాప మీదే కూర్చుంటాడు.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా ఇందులో కూర్చోబెడదాం అనుకున్నాం. పుస్తకాల సంచుల వార్లు మూడు నెలలకే తెగిపోతున్నాయి, వాటిని బాగుచేసుకోవడం నేర్చుకున్నా మేలే కదా అనుకున్నాం. తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట ఎత్తగానే మా యానాది సంఘం నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. మాకు వరసకు మామ అవుతాడు.

"అయివోరా, ఇన్నాళ్లూ ఎలకలోళ్లు అన్నారు, కప్పలోళ్లు అన్నారు. చదువుకోను బడికి పంపితే ఇప్పుడు తోలోళ్లని కూడా అనిపిస్తారా?"

అందరూ నవ్వలేదు. కొందరు తలలూపారు. మా పెద్దాయన అప్పుడు వరండాలోనే ఉన్నాడు, అంతా విన్నాడు. దారానికి మైనం పట్టిస్తున్న చెయ్యి ఆపలేదు. సమావేశం అయ్యాక మేం సిగ్గుపడుతూ దగ్గరికి వెళితే, చేతిలోని మైనం ముద్ద చూపించి, "ఇది తెచ్చింది ఎవురు? మీ వోళ్లే గదా. మా నాయన కాలంలో పట్ట తెచ్చింది కూడా మీ వోళ్లే" అన్నాడు.

మామకు ఆ రోజు మేం జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కోవడమే.

*

పట్ట అంటే తంగేడు పట్ట. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే పసుపు పువ్వు, తెలంగాణలో బతుకమ్మకు పేర్చే పువ్వు, 2014 తర్వాత ఆ రాష్ట్రం తన పువ్వుగా ప్రకటించుకున్న పువ్వు. తమిళులు ఆవారం అంటారు. మన నెల్లూరు సీమ మెట్టల్లో, రైలుకట్ట పక్కన, చెరువుగట్ల మీద ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. పశువులు పెద్దగా ముట్టవు గనక మిగిలిపోతుంది. పువ్వు గురించి పాటలున్నాయి. పట్ట గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

పచ్చి చర్మాన్ని అలా వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిగుసుకుపోతుంది, తడిస్తే మళ్లీ కుళ్లుతుంది. దాన్ని కుళ్లకుండా, వంగేలా, నీళ్లకు తట్టుకునేలా మార్చడాన్ని మా పెద్దాయన "ఊనడం" అంటాడు. పుస్తకాల్లో పదును చేయడం అని రాస్తారు. ఆ మార్పు తెచ్చేది చెట్టు పట్టలో ఉండే వగరు పదార్థం. మామిడి పిందె నమిలితే నోరు పిడచగట్టుకుపోయే ఆ వగరే. దానికి టానిన్ అని పేరు. తంగేడు పట్టలో అది నూటికి 18 పాళ్ల దాకా ఉంటుంది. పట్టకొచ్చే తోలుకు లేత రంగు, మెత్తదనం రెండూ వస్తాయి. అందుకే దక్షిణ దేశంలో ఊనే పనికి ఇదే మొదటి పట్ట అయింది.

ఊరి పద్ధతి పెద్దాయన చెప్పగా మేం రాసుకున్నది ఇది. చర్మాన్ని ముందు నీళ్లలో నానబెట్టి ఉప్పూ రక్తమూ పోయేలా కడుగుతారు. సున్నం నీళ్లలో కొన్ని రోజులు వేస్తే వెంట్రుక వదులవుతుంది. దుంగ మీద పరిచి ఒక పక్క వెంట్రుక, ఇంకో పక్క మాంసం పొరా గీకేస్తారు. సున్నం విరిగేదాకా మళ్లీ మళ్లీ కడుగుతారు. తర్వాత పట్ట నీళ్లు. ముందు పలచటి నీళ్లు, రోజులు గడిచేకొద్దీ చిక్కటివి. మొదటే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలికి రసం దిగదు. తర్వాత చర్మాన్ని సంచిలా కుట్టి, లోపల పట్ట కూరి, చెట్టుకు వేలాడదీసి పైనుంచి పట్ట నీళ్లు పోస్తూ ఉంటారు. నీళ్లు చర్మంలోంచి ఊరి కింద కుండలోకి కారుతాయి, వాటినే మళ్లీ పోస్తారు. రెండు మూడు రోజులకొకసారి సంచిని తలకిందులు చేసి కట్టాలి. చివరికి కరక్కాయ నీళ్లు, ఆపైన నూనె, నీడలో ఆరబెట్టడం. నెల పైగా పట్టే పని. ఊరి చివర ఆ లంద తొట్ల వాసనే మాదిగవాడను ఊరికి దూరం పెట్టడానికి సాకయింది. ఆ తోలుతోనే ఊరికి నీళ్లు తోడారన్నది ఎవరికీ గుర్తుండలేదు.

కపిల గురించి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కరెంటు మోటార్లు రాకముందు మన మెట్ట చేలకు బావి నీళ్లు తోడింది తోలు బానే. పెద్ద ఎద్దు తోలుతో చేసిన బాన, దానికింద తొండంలాంటి తోలు గొట్టం. ఎద్దులు వాలులో దిగుతుంటే బాన పైకొస్తుంది, తొండం కాలవలోకి నీళ్లు వదులుతుంది. బాన చిల్లిపడితే మడి ఎండినట్టే. మాదిగాయన వచ్చి మాటు వేసేదాకా రెడ్డిగారికి నిద్రుండేది కాదని పెద్దాయన నవ్వుతాడు. "రాత్రిళ్లు మా నాయన్ని గుంజుకోనిపొయ్యేవాళ్లు. మాటు వేసినాక బయట్నుంచి బయట్నే పొమ్మనే వాళ్లు."

*

ఈ ఊరి కథ మద్రాసుకు ఎట్లా చేరిందో చూడాలి. 19వ శతాబ్దం నడిమి నుంచి మద్రాసు చుట్టూ పెద్ద తోళ్ల కార్ఖానాలు లేచాయి. తంగేడు పట్టతో సగం ఊనిన తోళ్లు ఓడల్లో లండన్‌కు వెళ్లేవి. అక్కడి వ్యాపారులు వాటిని 'ఈస్ట్ ఇండియా కిప్స్' అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోలు కావలసివచ్చి ప్రభుత్వమే కొనుగోలు చేతిలోకి తీసుకుంది. చెన్నై సెంట్రల్ స్టేషన్ వెనకున్న పెరియమెట్ వీధుల్లో తోళ్ల వ్యాపారం ఇవాళ్టికీ సాగుతోంది. మేం తోలు ముక్కలు కొనుక్కునేదీ అక్కడే. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఒక పక్క ఇంత పెద్ద వ్యాపారం. దానికి బండ్ల కొద్దీ పట్ట కావాలి. అది ఎవరు కొట్టారు?

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో పుల్ల విరవాలన్నా, పట్ట ఒలవాలన్నా, తేనె పిండాలన్నా అనుమతి కావలసివచ్చింది. పట్ట హక్కు పాట పాడుకున్న కాంట్రాక్టరుది. కొట్టే చేతులు అడవి అంచున ఉన్న బీదవాళ్లవి. కాంట్రాక్టరు పేరు రసీదులో ఉంటుంది, కార్ఖానా పేరు ఓడ కాగితాల్లో ఉంటుంది. పట్ట కొట్టినవాళ్ల పేరు రాయాల్సిన గడి ఏ పుస్తకంలోనూ లేదు. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మద్రాసు రాజధానిలోని తోలు పని మీద 1904లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. తొట్లు, సున్నం, పట్ట అన్నీ ఉన్న విషయం అది. పట్ట ఎలా ఊనుతుందో తెలుసుకోవాలంటే అలాంటి పుస్తకాలు చదవాలి. పట్ట కొట్టినవాళ్ల సంగతి తెలుసుకోవాలంటే మన అవ్వల్ని అడగాలి.

మన యానాదులకు ఇది కొత్త అనుభవం కాదు. 1835లో శ్రీహరికోట దీవి ప్రభుత్వం చేతికి వచ్చినప్పటినుంచి అక్కడి మనవాళ్లు చిరివేరు, తేనె, ముష్టి గింజలు ఏరి సర్కారు డిపోలో ఇచ్చి గింజలు పుచ్చుకున్నారు. చిరివేరుతో బట్టలకు ఎరుపు ఎక్కించారు. ఎర్రంచు బట్ట ఎంత దూరం పోయిందో వేరు తవ్విన వాళ్లకు తెలియదు. అంత తెచ్చిచ్చినవాళ్లనే ఆ కాలపు సర్కారు నేరస్థ జాతుల చట్టం కింద దొంగల జాబితాలో వేసింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. వెన్నెలకంటి రాఘవయ్య గారివంటి వాళ్లు నెల్లూరులో ఉండి పోరాడాక, 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. శ్రీహరికోట నుంచి రాకెట్ కేంద్రం కోసం మనవాళ్లు ఖాళీచేసి పోవడం ఆ తర్వాతి కథ. 1971 అక్టోబరులో అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. ఆ కథ వేరే వ్యాసానికి ఉంచుతున్నాం.

*

పట్ట రాజ్యం ఎక్కువ కాలం సాగలేదు. రెండు దెబ్బలు తగిలాయి. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ పట్ట అనేది ఓడల్లో దిగింది. అందులో టానిన్ ఎక్కువ, సరుకు ఒకే తీరుగా ఉంటుంది. తంగేడు పట్టను పక్కకు నెట్టేసింది. రెండోది క్రోమ్. ఇందాక చెప్పిన ఛాటర్టనే 1903 నుంచి మద్రాసులో క్రోమ్ ఉప్పుతో ఊనే ప్రయోగాలు చేశాడు. చిత్రమేమిటంటే ఆయన ముందు దృష్టి పెట్టిన సరుకుల్లో కపిల బాన ఒకటి. నీళ్లలో నానినా చెడని బాన రైతుకు కావాలి. నెల పైగా పట్టే ఊనుడు క్రోమ్‌తో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. దానికి పట్టా అక్కర్లేదు, పట్ట కొట్టే మనిషీ అక్కర్లేదు. కానీ కార్ఖానా వదిలే నీళ్లను ఏ కాలవలోకి పంపాలన్న ప్రశ్న మిగిలిపోయింది. పాలారు ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు వైపు ఊళ్లు దాని ఫలం ఇప్పటికీ అనుభవిస్తున్నాయి.

తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ పేరు ఇక్కడ తలుచుకోవాలి. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో పుట్టాడు. 1948లో మద్రాసు అడయారులో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధనాలయానికి 1958లో డైరెక్టరయ్యాడు. పల్లెల్లో ఊనేవాళ్లను విజ్ఞానం దగ్గరికి, విజ్ఞానాన్ని వాళ్ల దగ్గరికి తేవాలని చూశాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం కూలినప్పుడు అందులో ఉన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఇంకా పెద్ద పాఠం ఉండాలని మా అభిప్రాయం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన వంటి పెద్దలు తోలుకు గౌరవం తెచ్చారు. తోలు ఊనిన కులానికి ఆ గౌరవం సగం కూడా చేరలేదు.

*

ఇక మా ఆదివారాల సంగతి. ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయులు తమ బడిలో పెట్టుకుందామనుకుంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు తోలును గుర్తుపట్టడం. పట్టతో ఊనిన తోలు మీద నీటి చుక్క వేస్తే తాగి నల్లబడుతుంది. క్రోమ్ తోలు మీద చుక్క చాలాసేపు నిలుస్తుంది. చిన్న అంచు ముక్క కాల్చి చూస్తే పట్ట తోలు బొగ్గయి నలుపు, బూడిద రంగుల్లో మిగులుతుంది. క్రోమ్ తోలు బూడిదలో ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. ఆ పొగ పీల్చకూడదు, పిల్లలతో కాల్పించొద్దు. మూడో రకం అసలు ఊననిది, పచ్చితోలు. డప్పుకు కట్టేదీ, తోలుబొమ్మలకు వాడేదీ అదే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు గీకి ఆరబెడితే వెలుగు అవతలికి దూరేంత పలచనవుతుంది. రెండు వైపులా రంగులేస్తారు, తెర వెనక దీపం పెడితే బొమ్మ వెలుగుతుంది. ఊనితే ఆ వెలుగు దూరదు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు పనికి పద్మశ్రీ వచ్చిందని పేపరు కత్తిరించి పెద్దాయనకు చూపిస్తే, "ఆయన దేవుడి బొమ్మలు చేశాడు, అందుకే" అని ఊరుకున్నాడు. మేమూ మాట పెంచలేదు.

కోత విషయంలో మా కండక్టరు గారు చేసినంత తప్పు ఎవరూ చేయలేదు. మొదటి నడుం పట్టీని పొట్ట భాగం నుంచి కోశాడు. వారం తిరిగేసరికి అది పాములా సాగింది. వెన్ను వెంబడి తోలు దట్టంగా, సాగకుండా ఉంటుంది. పట్టీలు, వార్లు అక్కడినుంచే కోయాలి. పొట్ట ముక్కలు చిన్న సంచుల లోపొరకు సరిపోతాయి. రంపె బాగా సానపెట్టి ఒకే లాగుడులో కోస్తే అంచు శుభ్రంగా ఉంటుంది. రెండుమూడు సార్లు గీస్తే మెట్లు పడతాయి.

కుట్టుకు ముందు ఆరెతో చిల్లులు వేసుకోవాలి. చిల్లికీ చిల్లికీ మధ్య దూరం ఒకే తీరు ఉండడానికి మా కుర్రాడు పాత ఫోర్కు పళ్లు వంచి గుర్తులు పెట్టే పనిముట్టు చేశాడు. దారం ఒక్కటే, రెండు కొసలకూ రెండు సూదులు. ఒక చిల్లిలో రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి. మిషను కుట్టులో ఒక చోట దారం తెగితే వరసగా ఊడొస్తుంది. ఈ కుట్టులో ఒకటి తెగినా పక్కవి పట్టుకునే ఉంటాయి. దారానికి మైనం తప్పనిసరి. లేకపోతే చిల్లులో రాపిడికి దారం పీచుపీచవుతుంది. ఆ మైనం తేనెపట్టుది, మా సంఘం వాళ్లు తేనె పిండాక వదిలేసిన ముద్ద. అంగన్‌వాడీ టీచరు ఒకసారి కొవ్వొత్తి మైనంతో కానిద్దాం అంది. పెద్దాయన ఒప్పుకోలేదు. కొవ్వొత్తి మైనం పెళుసు, వంగినచోట రాలిపోతుందన్నాడు. తర్వాత మేం రెండూ పోల్చి చూశాం. ఆయన మాటే నిజం.

ఇంకో సంగతి మాకు బాగా నచ్చింది. పట్ట నీళ్లు ఇనప బొచ్చెలో కాచకూడదు. నల్లగా సిరాలా మారతాయి, తోలూ నల్లబడుతుంది. మట్టికుండలోనే కాచాలి. పిల్లలకు ఇదే మంచి ప్రయోగం. తంగేడు పట్ట నానబెట్టిన నీళ్లలో తుప్పుపట్టిన మేకు వేసి మర్నాడు చూడమనండి. నీళ్లు నల్లగా ఉంటాయి. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో చెప్పినదానికన్నా బాగా గుర్తుంటుంది. తడి తోలు మీద ఇనప పనిముట్టు పెట్టి మరిచిపోయినా నల్ల మచ్చ పడుతుంది. నిమ్మరసం రుద్ది వెంటనే తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది.

మన సముద్రపు గాలికి తోలు బూజు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచొద్దు. పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి వేలాడదీయాలి. ఎండలో పెడితే పగుళ్లు. నూనె రాయడం అంటే నానబెట్టడం కాదు, గుడ్డకు కాస్త ఆముదమో కానుగ నూనెో అద్ది పలచగా పట్టించడమే. జిగురు వాడేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. చెప్పు కుట్టేవాళ్లు ముందు ఉంగటం కొలుచుకుని ఆ తర్వాత అడుగు అట్ట గీసుకోవాలి. ఉంగటం బిగుతైతే వేలు బొబ్బ, వదులైతే నడకలో చెప్పు జారుతుంది. ఇవి నాలుగేళ్లు తప్పులు చేసి నేర్చుకున్నవి.

*

మామ అన్న మాట మళ్లీ గుర్తొస్తుంది. మేం తోలుకు కొత్తవాళ్లం కామని ఆయనకు చెప్పడానికి పట్టా మైనమూ చాలవేమో. గుల్ల సున్నం కూడా ఉంది. మా మేనత్తలు ఉప్పుకాలవల్లో గుల్ల ఏరి బట్టీలకు అమ్మేవాళ్లు. వెంట్రుక వదిలించడానికి వేసే సున్నంలో అదీ కలిసి ఉంటుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ఆదివాసులు తోలు వ్యాపారంలో నేరుగా నలిగిన కథ ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. ఇరుళులది.

తమిళ సీమలో చెంగల్పట్టు వైపు ఇరుళులు మనలాగే పొలంగట్ల మీద ఎలుకలు పట్టేవాళ్లు, పాములు పట్టడంలో వాళ్లకు సాటి లేదు. మద్రాసు కార్ఖానాలు పాముతోలు కొని ఊని చేతిసంచులకు, బూట్లకు విదేశాలకు పంపేవి. పట్టి ఇచ్చిన ఇరుళకు చిల్లర పైసలే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాతి ఆంక్షలతో పాముతోలు వ్యాపారం ఆగిపోయింది. ఒక్కసారిగా వాళ్ల చేతిపని నేరమైంది. అప్పుడు వాళ్లు ఏం చేశారన్నది మన యువకులు తెలుసుకోవాలి. పాముల శాస్త్రవేత్త రాములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. పామును చంపకుండా విషం తీసి మళ్లీ వదిలేయడం వాళ్ల పని. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషంతోనే మన దేశంలో పాముకాటు మందు తయారవుతుంది. మన ఆరోగ్య కేంద్రంలో సూదిమందుగా వేసేది అదే. ఆ సంఘంలో పనిచేసిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. తోలు కోసం పాము పట్టిన చేతులే మనుషుల ప్రాణం నిలబెట్టే పనికి మళ్లాయి.

మన ఉడుము సంగతీ దాచకూడదు. కంజీరకు ఉడుము తోలే కట్టేవాళ్లు. ఆ నాదాన్ని కచేరీల్లో అందరూ మెచ్చుకున్నారు. ఉడుమును తొర్రలోంచి లాగినవాడు మనవాడు. ఇప్పుడు ఉడుమును పట్టడం, చంపడం చట్టం ప్రకారం పెద్ద నేరం. కేసు పడేది కచేరీ చేసినాయన మీద కాదు, పట్టినవాడి మీద. పిల్లలకు ఈ మాట గట్టిగా చెబుతున్నాం. మేం వాడే తోలు మేక, గొర్రె, పశువులదే, రసీదుతో కొన్నదే.

ఇంకో మాట కప్పిపుచ్చకుండా రాయాలి. మామ అన్నది తప్పే. కానీ అది ఒక్క మామ మాట కాదు. మా ఇంట్లోనే, మా తాత మాదిగవాడ బావిలో నీళ్లు తాగేవాడు కాదు. ఊళ్లో అందరూ మమ్మల్ని దూరం పెడితే, మేం దూరం పెట్టడానికి ఒకళ్లు కావలసివచ్చారు. మా తాతను మేం ఎప్పుడూ అడగలేదు, అడిగే ధైర్యమూ లేదు. ఆయన కొట్టిన పట్టతోనే ఆ వాడలో తోలు ఊనారు, ఆ వాడలో కుట్టిన బానతోనే ఆయన కూలికి వెళ్లిన మడి తడిసింది.

*

పిల్లల తరగతి మొదలైంది. ఎలాగంటే, మామ వాళ్ల అమ్మ వల్ల. ఎనభై దాటిన మనిషి. మనవణ్ని వెతుక్కుంటూ ఒక ఆదివారం వరండాకు వచ్చి, మట్టికుండలో నానుతున్న పట్ట చూసి అక్కడే కూలబడింది.

"ఎవురు కొట్టార్రా దీన్ని? చెక్క చెక్కగా ఉండాది."

మేమే కొట్టాం అన్నాం. ఆమె నవ్వి, తంగేడు కొమ్మ ఒకటి తెమ్మంది. బొటనవేలు లావు ఉన్న కొమ్మ ఏరుకుంది. రాయి మీద పెట్టి, కర్ర సుత్తితో తిప్పుతూ తిప్పుతూ తట్టింది. నరికినట్టు కాదు, పప్పు దంచినట్టు. పట్ట పుల్లనుంచి దానంతటదే గొట్టంలా జారి వచ్చింది. మొదట్లో కోయకూడదనీ, పిడికెడు మోడు వదిలితే వానలకు మళ్లీ చిగురేస్తుందనీ, కాంట్రాక్టరు మనిషి కట్టకు ఇంత అని ఇస్తాడు గనక కొందరు వేళ్లతో సహా పీకేవాళ్లనీ, వాళ్ల అమ్మ మాత్రం ఒప్పుకునేది కాదనీ చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. మనవడు అందరికన్నా ముందు కూర్చున్నాడు.

పెద్దాయన ఆమెను అడిగాడు. "అక్కా, పట్ట యాడ ఇచ్చేవాళ్లు?"

"సంతలో కాంట్రాక్టరుకి. మిగిలింది చీకటి పడినాక మీ వాడలో ఇచ్చేది మా అమ్మ. జొన్నలు పోసేవాళ్లు."

"చెప్పులు కుట్టి ఇయ్యలేదా మా వోళ్లు?"

"మాకు చెప్పులెందుకు తమ్ముడా. ఆ ముళ్లల్లో అట్నే తిరిగేవాళ్లం."

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా కండక్టరు గారి దగ్గర పాత క్యాలెండరు కాగితం అడిగి తీసుకుని, వెనక పక్కకు తిప్పి ఆమె ముందు పరిచాడు. కాలు పెట్టమన్నాడు. ఆమె ముందు వద్దంది, తర్వాత పాదం చీర కొంగుతో తుడుచుకుని పెట్టింది. పెన్సిలు నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీశాడు, తర్వాత రెండోది. మనవడు పక్కన కూర్చుని వేళ్ల కొలతలు రాశాడు. కుడికాలి బొటనవేలు పక్క వేలి మీదికి ఒరిగి ఉంది. ఆ పక్క ఉంగటం కాస్త వదులుగా పెట్టాలని కాగితం మీద రాసి ఉంచాం.